గిరి గారు గెలిచిన ఊళ్ళు, ఓడిన ఊరు

1969 ఆగస్టు 20న ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక ఓట్లు లెక్కపెడుతున్నారు. బరిలో 15 మంది ఉన్నారు గానీ అసలు పోటీ ఇద్దరి మధ్యే, ఆ ఇద్దరూ తెలుగువాళ్ళే. ఒకరు అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి. ఇంకొకరు బరంపురంలో పుట్టిన వరాహగిరి వెంకట గిరి, అంటే మన వి.వి.గిరి. మొదటి ప్రాధాన్య ఓట్లతో తేలకుండా రెండో ప్రాధాన్య ఓట్ల దాకా వెళ్ళిన రాష్ట్రపతి ఎన్నిక ఇప్పటికీ అదొక్కటే.

గిరి అనగానే మనలో చాలామందికి పోటీ పరీక్షల బిట్ ఒకటి గుర్తొస్తుంది: స్వతంత్ర అభ్యర్థిగా గెలిచిన రాష్ట్రపతి ఎవరు? జవాబు టిక్ పెట్టి ముందుకెళ్ళిపోతాం. కానీ ఆయన రాజకీయ జీవితంలో మూడు ముఖ్యమైన ఎన్నికలు జరిగింది మన ఉత్తరాంధ్రలోనే. 1937లో బొబ్బిలి, 1952లో పాతపట్నం, 1957లో పార్వతీపురం. రెండు గెలిచారు, ఒకటి ఓడారు. ఓడిన ఎన్నిక గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. పదకొండేళ్ళ తర్వాత అదే కోర్టుకి ఇంకో ఎన్నిక కేసులో మళ్ళీ రావాల్సి వచ్చింది. ఈసారి రాష్ట్రపతి హోదాలో!

2027లో మళ్ళీ రాష్ట్రపతి ఎన్నిక రావాలి. ద్రౌపది ముర్ము గారు 2022 జులై 25న ప్రమాణం చేశారు, పదవీకాలం ఐదేళ్ళు. ఎన్నిక దగ్గరపడేకొద్దీ ఎవరి బలమెంత, ఎవరు ఎవరికి అడ్డం తిరుగుతారు అనే లెక్కలు మొదలవుతాయి. అందుకే మొన్న సెలవుల్లో ఇంటికొచ్చినప్పుడు ఈ మూడు ఊళ్ళూ ఒకే చుట్టులో చూసొద్దామనుకున్నాను. మాది శ్రీకాకుళం దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. బ్యాగులో ఒక జత బట్టలు, పవర్ బ్యాంక్, ఫోన్లో దాచుకున్న సుప్రీంకోర్టు తీర్పులు రెండు. టూర్‌కి ఇంత లగేజీ చాలు.

విజయనగరం నుంచి బొబ్బిలి

విజయనగరం స్టేషన్లో రాయగడ వైపు వెళ్ళే ప్యాసింజర్ ఎక్కండి. గజపతినగరం దాటాక కిటికీ పక్కన పొలాలు, తాటిచెట్లు, వాటి వెనక కొండలు మొదలవుతాయి. ఈ రైల్వేకి కూడా గిరికి సంబంధం ఉంది. ఒకప్పుడు ఇక్కడి లైన్లు బెంగాల్ నాగపూర్ రైల్వేవి. ఆ రైల్వే కార్మికుల సంఘాన్ని నిలబెట్టి, 1928లో ఉద్యోగాలు పోయినవాళ్ళ కోసం సమ్మె నడిపించింది ఆయనే. ఐర్లాండ్‌లో న్యాయశాస్త్రం చదివొచ్చిన మనిషి ఇక్కడ కార్మికుల మనిషిగా పేరు తెచ్చుకున్నారు.

బొబ్బిలి అంటే అందరికీ 1757 జనవరి 24 నాటి యుద్ధమే. తాండ్ర పాపారాయుడు, బుస్సీ, విజయనగరం రాజు. ఊళ్ళో యుద్ధ స్తంభం ఉంది, అక్కడ సెల్ఫీ తీసుకోకుండా ఎవరూ రారు. పక్కనే గొల్లపల్లిలో బొబ్బిలి వీణలు తయారుచేస్తారు, అదీ తప్పక చూడాలి. అయితే బొబ్బిలిలో ఇంకో యుద్ధం కూడా జరిగింది. అందులో ఫిరంగులు లేవు, ఓటు పెట్టెలున్నాయి.

1937లో మద్రాసు శాసనసభకి ఎన్నికలు. అప్పటి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు జస్టిస్ పార్టీ నాయకుడు, మద్రాసు ప్రభుత్వానికి అధినేత. ఇప్పటి భాషలో ముఖ్యమంత్రి అన్నమాట. సొంత ఊరు, సొంత కోట, సొంత జమీందారీ. ఆయన మీద కాంగ్రెస్ నిలబెట్టింది గిరిని. అప్పట్లో ఓటు అందరికీ లేదు. ఆస్తి, పన్ను, చదువు లాంటి అర్హతలు ఉన్నవాళ్ళకే. అంటే జమీందారీలో ఒళ్ళొంచి పనిచేసేవాళ్ళలో చాలామందికి పోలింగ్‌కి వచ్చే హక్కే లేదు. అయినా రాజా ఓడిపోయారు! గిరి గెలిచి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక మంత్రి అయ్యారు.

కోట గోడ పక్కన నిలబడి ఆలోచిస్తే ఒకటి అర్థమవుతుంది. ఆ ఎన్నికలో రూల్స్ అన్నీ డబ్బూ భూమీ ఉన్నవాళ్ళ వైపే ఉన్నాయి. అయినా ఓటు రహస్యం అనే ఒక్క రూల్ ఫలితాన్ని మార్చగలిగింది. పెట్టె దగ్గరికి ఒంటరిగా వెళ్ళిన మనిషి ఏం చేశాడో దివానుకి తెలియదు, రాజాకీ తెలియదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, ఢిల్లీ వెళ్ళాక మళ్ళీ అవసరమవుతుంది.

పార్వతీపురం: 565 ఓట్లు

బొబ్బిలి నుంచి పార్వతీపురం దగ్గరే. 2022 ఏప్రిల్ నుంచి ఇది మన్యం జిల్లా కేంద్రం. బస్టాండ్ చుట్టుపక్కల కొత్త కార్యాలయాల బోర్డులు, వారపు సంత నుంచి కొండచీపుర్లు, పసుపు, చింతపండు మోసుకొచ్చే గిరిజన ఆడవాళ్ళు. 1957లో ఇది శ్రీకాకుళం జిల్లాలో భాగం. విజయనగరం జిల్లా 1979 జూన్ 1న గానీ పుట్టలేదు.

1957 లోక్‌సభ ఎన్నికల్లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. ఒకే నియోజకవర్గం, ఇద్దరు ఎంపీలు. ఒక సీటు జనరల్, ఒకటి షెడ్యూల్డ్ తెగలకి రిజర్వ్. దేశం మొత్తంమీద అలాంటివి 91 ఉండేవి. ప్రతి ఓటరుకీ రెండు ఓట్లు, రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. ప్రతి అభ్యర్థికీ వేరే పెట్టె, దాని మీద గుర్తు. చీటీని నచ్చిన పెట్టెలో పడెయ్యడమే.

టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన కలిశారు. నేను ఫోన్లో ఏదో చదువుకుంటూ నవ్వుకోవడం చూసి పలకరించారు.

"ఏటి బాబూ, ఏ ఊరు మీది?"

"శ్రీకాకుళం తాతా. ఇక్కడ పాత ఎలక్షన్ గురించి తెలుసుకుందామని వచ్చాను. మనిషికి రెండు ఓట్లుండేవంట కదా?"

"మా అయ్య సెప్పీవోడు. రెండు సీటీలు ఇచ్చీవోరట. ఒకటి దొరకి, ఒకటి పంతులుకి అని ఇంట్లో ముందే అనుకొని ఎల్లీవోరు. లోనకెల్లాక ఎవులు ఏ పెట్టెలో ఏసినారో ఎవులికి తెలుసు?"

ఫలితం ఇలా వచ్చింది. బి.సత్యనారాయణకి 1,26,792 ఓట్లు. డిప్పల సూరిదొరకి 1,24,604. గిరికి 1,24,039. నాలుగో అభ్యర్థికి 1,18,968. మొదటి ఇద్దరూ షెడ్యూల్డ్ తెగలవాళ్ళు.

ఇప్పుడు మీరే రిటర్నింగ్ అధికారి అనుకోండి. రిజర్వ్ సీటు ఎవరికి? తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చిన సత్యనారాయణకి. ఇందులో గొడవ లేదు. మరి జనరల్ సీటు? మిగిలినవాళ్ళలో ఎక్కువ ఓట్లు సూరిదొరవి. కానీ ఆయన నామినేషన్ వేసింది రిజర్వ్ సీటుకి. జనరల్ సీటుకి పోటీపడిన ఇద్దరిలో ఎక్కువ ఓట్లు గిరివి. సీటు ఎవరికివ్వాలి?

అధికారి సూరిదొరకి ఇచ్చారు. 565 ఓట్ల తేడాతో గిరి ఓడిపోయారు. అప్పటికే కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన మనిషి. బ్యాంకు ఉద్యోగుల జీతాల తీర్పుని ప్రభుత్వం మార్చిందని 1954లో ఆ పదవికి రాజీనామా కూడా చేసిన మనిషి. ఆయన కేసు వేశారు. ట్రిబ్యునల్, హైకోర్టు దాటి అది సుప్రీంకోర్టుకి వెళ్ళింది. వాదన రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఒకటి, రిజర్వ్ సీటుకి నామినేషన్ వేసినవాళ్ళు జనరల్ సీటు తీసుకోకూడదు. రెండు, సూరిదొర మూకదొర తెగలో పుట్టినా క్షత్రియుడిగా మారిపోయారు కాబట్టి ఆయనకి తెగ హోదా లేదు.

1959లో సుప్రీంకోర్టు మెజారిటీ తీర్పు రెండు వాదనల్నీ కొట్టేసింది. రిజర్వేషన్ అంటే తెగలకి కనీసం ఒక సీటు దక్కాలని, అంతకు మించి దక్కకూడదని కాదు. ఎక్కువ ఓట్లు వస్తే జనరల్ సీటు కూడా వాళ్ళదే. కులం విషయానికొస్తే, ఎవరికి వాళ్ళు ఫలానా అని రాసుకున్నంత మాత్రాన పుట్టిన తెగ పోదు.

ఆ తీర్పు ఫోన్లో చదువుతూ సంతలో తిరుగుతుంటే నాకు రెండు వైపులా న్యాయం కనిపించింది. గిరి వైపు నుంచి చూస్తే, జనరల్ సీటుకి పోటీపడి, ఆ సీటు కోసం నిలబడిన ప్రత్యర్థి కన్నా 5,000 ఓట్లు ఎక్కువ తెచ్చుకుని ఓడిపోవడం ఏం లెక్క? కొండల వైపు నుంచి చూస్తే, జనం ఎక్కువ ఓట్లు వేసిన మనిషిని 'నువ్వు గిరిజనుడివి, నీ కోటా ఒక్కటే' అని ఆపేయడం ఏం న్యాయం? నాకైతే రెండో ప్రశ్నే బరువుగా అనిపించింది. కోర్టూ అటే మొగ్గింది. కానీ పోలింగ్ రోజు పెట్టె ముందు నిలబడ్డ ఓటర్లలో ఎంతమందికి ఈ లెక్క తెలుసు? రూల్ సరైనదే కావచ్చు, అది ముందే అందరికీ తెలియకపోతే ఓడినవాడికి మోసంలాగే అనిపిస్తుంది.

రెండేళ్ళ తర్వాత, 1961లో, పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాల్ని రద్దుచేసింది. ఒక నియోజకవర్గం, ఒక సభ్యుడు. ఈరోజు మనం చూస్తున్న పద్ధతి అదే.

ఓడిన గిరి ఏమయ్యారు? ఉత్తరప్రదేశ్ గవర్నర్, తర్వాత కేరళ, తర్వాత మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతి. పార్వతీపురంలో ఆ 565 ఓట్లు అటూ ఇటూ అయ్యుంటే ఆయన దారి వేరేగా ఉండేదేమో!

రెండు నదులు దాటితే పాతపట్నం

పార్వతీపురం నుంచి పాతపట్నానికి బస్సులు మారాలి. తోటపల్లి దగ్గర నాగావళి, వీరఘట్టం, పాలకొండ, ఆ తర్వాత వంశధార. ఓపికుంటే హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ మీద కాసేపు ఆగండి. వానాకాలం అయితే ఆ నీళ్ళని చూస్తూ ఎంతసేపైనా ఉండిపోవచ్చు.

ఈ దారిలో ఎడమవైపు కనిపించే కొండలకి ఇంకో కథ ఉంది. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర గిరిజన సంఘం మహాసభకి వెళ్తున్నవాళ్ళ మీద భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. నిందితులు కోర్టులో విడుదలయ్యారు. తర్వాత శ్రీకాకుళం సాయుధ పోరాటంగా మారిన అసంతృప్తికి ఆ ఘటన ఒక పెద్ద మలుపు. 1969లో ఢిల్లీలో రాష్ట్రపతి ఎన్నిక మీద ఎత్తులు పైఎత్తులు నడుస్తున్న నెలల్లోనే, గిరిని గెలిపించిన, ఓడించిన ఇవే కొండల్లో పోలీసు క్యాంపులున్నాయి, ఎదురుకాల్పులున్నాయి. అక్కడ ఓటు మీద, కోర్టు మీద నమ్మకం పోయిన జనం ఉన్నారు. న్యాయం జరగలేదన్న భావన ఎంత దూరం తీసుకెళ్తుందో చెప్పడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

పాతపట్నం సరిహద్దు ఊరు. మహేంద్రతనయ దాటితే ఒడిశాలోని పర్లాకిమిడి. ఇటు షాపులో తెలుగు, అటు షాపులో ఒడియా, బేరం మాత్రం రెండు భాషల్లోనూ ఒకటే. నీలమణి దుర్గ అమ్మవారి గుడి దగ్గర ఎప్పుడూ సందడే. 1936 దాకా ఇదంతా ఒకే గంజాం జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. గిరి పుట్టిన బరంపురం కూడా అందులోదే. గీత గీశాక పుట్టిన ఊరు ఒడిశాకి పోయింది, ఓట్లు వేసిన ఊళ్ళు ఇటు మిగిలాయి. 1952లో స్వతంత్ర భారతం మొదటి ఎన్నికల్లో పాతపట్నం లోక్‌సభ స్థానం నుంచి గెలిచి గిరి నెహ్రూ మంత్రివర్గంలో చేరారు.

పాతపట్నం నుంచి తిరుగు ప్రయాణానికి నౌపడా వెళ్ళే రైలు ఎక్కాను. 1900లో పర్లాకిమిడి రాజులు మొదలుపెట్టిన చిన్న లైను ఇది, 2011లో బ్రాడ్‌గేజ్ అయింది. ఎదురు సీట్లో టెక్కలిలో డిగ్రీ చదివే తమ్ముడొకడు కూర్చున్నాడు. నేను తిరిగొచ్చిన ఊళ్ళ సంగతి చెబితే ఆసక్తిగానే విన్నాడు గానీ చివర్లో ఒక ప్రశ్న వేశాడు.

"అన్నా, రాష్ట్రపతికి మనం ఓటెయ్యం కదా. మరి మనకేటి?"

మంచి ప్రశ్న. నౌపడా వచ్చేదాకా దానికే జవాబు చెప్పాను. మీకూ అదే చెబుతాను.

రాష్ట్రపతి ఓటు లెక్క

రాష్ట్రపతిని ఎన్నుకునేది ఎంపీలు, ఎమ్మెల్యేలు. నామినేటెడ్ సభ్యులకి ఓటు లేదు. ఎమ్మెల్యే ఓటుకి ఒక విలువ ఉంటుంది. రాష్ట్ర జనాభాని ఎమ్మెల్యేల సంఖ్యతో భాగించి, మళ్ళీ వెయ్యితో భాగిస్తే వచ్చేదే ఆ విలువ. 2022లో ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 159. తెలంగాణది 132, ఉత్తరప్రదేశ్‌ది 208, సిక్కింది 7. ఎంపీ ఓటు విలువ 700. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కలిపి 19 అసెంబ్లీ స్థానాలు. అంటే మన రెండు జిల్లాల ఎమ్మెల్యేల చేతిలో 3,021 ఓట్లు.

ఇక గెలుపు లెక్క. హాస్టల్లో 11 మంది టిఫిన్‌కి ఓటేశారనుకోండి. దోశకి 5, పూరీకి 4, ఉప్మాకి 2. సగం దాటాలంటే 6 కావాలి, ఎవరికీ రాలేదు. అప్పుడు అందరికన్నా వెనకున్న ఉప్మాని తీసేస్తాం. ఉప్మా అన్న ఇద్దరూ రెండో ఇష్టంగా పూరీ రాస్తే పూరీకి 6. ముందున్న దోశ ఓడిపోతుంది! ఇది మోసం కాదు, రూల్. కానీ ముందే చెప్పకపోతే హాస్టల్లో కొట్టుకుంటారు.

ఇప్పుడు 1969కి వెళ్దాం. మే 3న రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ పదవిలో ఉండగానే చనిపోయారు. ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులైలో బెంగళూరులో కాంగ్రెస్ పెద్దలు ప్రధాని ఇందిరాగాంధీ మాట కాదని సంజీవరెడ్డిని అభ్యర్థిగా తేల్చారు. ఆ నామినేషన్ మీద ఇందిర కూడా సంతకం పెట్టాల్సి వచ్చింది. గిరి స్వతంత్రంగా దిగుతానన్నారు. జులై 19న 14 బ్యాంకుల జాతీయం ఆర్డినెన్స్ మీద తాత్కాలిక రాష్ట్రపతిగా సంతకం చేసి, 20న రాజీనామా చేశారు. అదే రోజు అపోలో 11 చంద్రుడి మీద దిగింది. ప్రపంచమంతా పైకి చూస్తుంటే ఢిల్లీ మాత్రం ఓట్ల లెక్కలు చూసుకుంటోంది. రాష్ట్రపతి లేరు, ఉపరాష్ట్రపతి లేరు. సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి హిదయతుల్లా ఆ బాధ్యత తీసుకున్నారు.

తర్వాత అనుమానాల వాన. కాంగ్రెస్ అధ్యక్షుడు నిజలింగప్ప స్వతంత్ర, జనసంఘ్ నాయకుల్ని కలిసి, వాళ్ళ అభ్యర్థి సి.డి.దేశ్‌ముఖ్ ఓటర్ల రెండో ప్రాధాన్యం సంజీవరెడ్డికి అడిగారు. అది చూపించి ఇందిర తన వాళ్ళకి విప్ లేకుండా వదిలేశారు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటెయ్యమన్నారు. సొంత పార్టీ అభ్యర్థికి వ్యతిరేకంగా ప్రధానే పనిచేయడం న్యాయమా అని ఒకవైపు. రహస్య ఓటుకి విప్ వేయడం న్యాయమా అని ఇంకోవైపు. పార్లమెంటు సెంట్రల్ హాల్లో సంజీవరెడ్డి మీద పేరులేని నీచమైన కరపత్రం ఒకటి చేతులు మారింది. ఇప్పటి వాట్సాప్ ఫార్వార్డ్‌కి అది తాతగారు.

ఆగస్టు 16న పోలింగ్. చెల్లిన ఓట్ల విలువ 8,36,337, గెలవాలంటే 4,18,169. మొదటి లెక్కలో గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కి 1,12,769. ఎవరూ గీత దాటలేదు. వెనకున్నవాళ్ళని తీసేస్తూ రెండో ప్రాధాన్యాలు పంచారు. సంజీవరెడ్డికి 91,879 కొత్తగా కలిశాయి, గిరికి 18,562 మాత్రమే. దాదాపు 88 వేల తేడా కాస్తా 14,650కి పడిపోయింది. చివరికి గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427.

గీత దాటింది ఎంతతో? 1,908తో. అప్పుడు ఆంధ్రప్రదేశ్ ఎమ్మెల్యే ఓటు విలువ 125. అంటే పదహారు మంది ఎమ్మెల్యేల బరువు. బొబ్బిలి కోట దగ్గర గుర్తుపెట్టుకోమన్న మాట ఇప్పుడు తీయండి. ఆ పెట్టె దగ్గర ఎవరు ఎవరికి వేశారో రాజాకి తెలియనట్టే, ఇక్కడ పార్టీ పెద్దలకీ తెలియలేదు. నవంబర్‌కల్లా కాంగ్రెస్ రెండుగా చీలిపోయింది.

రాష్ట్రపతి బోనెక్కిన రోజు

కథ అక్కడితో అయిపోలేదు. గిరి ఎన్నిక చెల్లదని సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. ముఖ్య ఆరోపణ ఆ కరపత్రం గురించే: దాంతో ఓటర్ల మీద అక్రమ ఒత్తిడి తెచ్చారని. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకి వచ్చి సాక్ష్యం చెప్పారు. దేశంలో అది మొదటిసారి. 1970లో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. కరపత్రం నీచమైనదే, కానీ గిరి సమ్మతితో అది పంచారని గానీ, దానివల్ల ఫలితం మారిందని గానీ రుజువు కాలేదని చెప్పింది.

రైల్లో తమ్ముడికి నేను నొక్కి చెప్పింది ఈ భాగమే. పార్వతీపురంలో ఓడినప్పుడు గిరి కోర్టు తలుపు తట్టారు. ఢిల్లీలో గెలిచినప్పుడు ఆయన మీద వేరేవాళ్ళు తట్టారు. రెండుసార్లూ తలుపు తెరుచుకుంది, రెండుసార్లూ తీర్పుని అందరూ ఒప్పుకున్నారు. ఎన్నిక న్యాయంగా జరిగిందా లేదా అనేది గెలిచినవాడిని అడిగితే తెలియదు. ఓడినవాడికి అడిగే చోటు ఉందా, అడిగితే జవాబు వచ్చిందా అన్నదే పరీక్ష. లేవిడి తర్వాత ఆ కొండల్లో జనానికి అలాంటి జవాబు అందలేదు. ఏం జరిగిందో చూశాం.

సంజీవరెడ్డి కథకీ మంచి ముగింపు ఉంది. 1977లో ఆంధ్రప్రదేశ్ నుంచి జనతా పార్టీ తరఫున గెలిచిన ఒకే ఒక్క ఎంపీ ఆయన, నంద్యాల నుంచి. అదే ఏడాది జులైలో రాష్ట్రపతి పదవికి 37 నామినేషన్లు పడితే 36 తిరస్కరణకి గురయ్యాయి. ఆయన పోటీ లేకుండా గెలిచారు. నామినేషన్లు అలా పోవడానికి కారణం 1974లో వచ్చిన మార్పు. అంతకు ముందు ఒకరు ప్రతిపాదించి ఒకరు బలపరిస్తే చాలు. ఆ తర్వాత పదేసి మంది కావాలి. 1997 నుంచి యాభైయేసి మంది. సరదాకి దిగేవాళ్ళని ఆపడానికి ఇది బాగానే ఉంది. కానీ పెద్ద పార్టీ అండ లేని మనిషి ఇప్పుడు నామినేషన్ దాకా కూడా రాలేడు, అదీ నిజమే.

ఇప్పుడు మనకేటి?

ఎమ్మెల్యే ఓటు విలువ 159 అన్నాను కదా. ఆ లెక్కకి వాడిన జనాభా ఏ ఏడాదిదో తెలుసా? 1971ది! కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని 1976లో రాజ్యాంగ సవరణతో ఆ అంకెల్ని ఆపేశారు. 2001లో గడువు పొడిగించారు. 2026 తర్వాత జరిగే మొదటి జనగణన అంకెలు వచ్చేదాకా అదే కొనసాగుతుంది. 2027 మార్చి 1ని లెక్క తేదీగా పెట్టి జనగణన ప్రకటించారు. ఆ అంకెలొచ్చాక రాష్ట్రపతి ఓటు విలువలూ, లోక్‌సభ సీట్లూ రెండూ మారే దారి తెరుచుకుంటుంది.

2001 నుంచి 2011 మధ్య దేశ జనాభా 17 శాతం పైగా పెరిగింది. శ్రీకాకుళం జిల్లా పెరిగింది 6.5 శాతం, విజయనగరం 4.2 శాతం. పిల్లలు తక్కువ కావడం ఒక కారణం. ఊరు విడిచి వెళ్ళిపోవడం ఇంకో కారణం. చెన్నైలో భవనాలు కట్టేవాళ్ళు, గుజరాత్ తీరంలో చేపల వేటకి వెళ్ళేవాళ్ళు, హైదరాబాద్‌లో నాలాంటివాళ్ళు. జనగణన అప్పుడు మనం ఎక్కడుంటే అక్కడి లెక్కలోకి వెళ్తాం. ఎన్నికలప్పుడు మాత్రం బస్సెక్కి ఊరికొస్తాం. ఊరి పక్కన లేని రోడ్డుకీ, ఊళ్ళో లేని ఉద్యోగానికీ ఓటేసి తిరిగి బస్సెక్కుతాం. వలసవాళ్ళు ఉన్నచోటి నుంచే ఓటేసే రిమోట్ యంత్రాన్ని 2023 జనవరిలో ఎన్నికల సంఘం పార్టీలకి చూపించింది. పార్టీలు ఒప్పుకోలేదు, అది అక్కడే ఆగింది.

సీట్లు తగ్గడం, పేర్లు మాయం కావడం మనకి కొత్త కాదు. గిరి కథలో ఉన్న మూడు ఊళ్ళు చూడండి. పాతపట్నం పేరుతో లోక్‌సభ స్థానం ఎప్పుడో పోయింది. బొబ్బిలి, పార్వతీపురం స్థానాలు 2008 పునర్విభజనలో పోయాయి. పార్వతీపురం ఇప్పుడు అరకు లోక్‌సభలో ఉంది. ఆ నియోజకవర్గం పాలకొండ నుంచి రంపచోడవరం దాకా సాగుతుంది. అంత పొడుగు నియోజకవర్గంలో ఒక చివరి మనిషి ఎంపీని కలవాలంటే ఎన్ని బస్సులు మారాలో ఊహించండి.

కాబట్టి 2027 ఎన్నికలో ఎవరు నిలబడతారు, ఎవరు గెలుస్తారు అన్నది టీవీ చర్చలకి వదిలేద్దాం. మనం అడగాల్సినవి వేరే ఉన్నాయి. కొత్త లెక్క ఎలా వేస్తారు, ఎప్పుడు చెబుతారు, అన్యాయం జరిగిందనుకుంటే ఏ తలుపు తట్టాలి? పోలింగ్ అయ్యాక తెలిసే రూల్ ఎంత గొప్పదైనా పార్వతీపురం ఫలితంలాగే గొంతులో ముల్లులా ఉండిపోతుంది. ఈ ప్రశ్నలు మన 19 మంది ఎమ్మెల్యేల్లో మీ నియోజకవర్గం వాళ్ళని అడగండి. సమాధానం రాకపోయినా అడిగినట్టు వాళ్ళకి గుర్తుంటుంది.

వెళ్ళాలనుకునేవాళ్ళకి చిన్న సలహా. ఈ చుట్టు రెండు రోజుల్లో హాయిగా అయిపోతుంది. మొదటి రోజు విజయనగరం, బొబ్బిలి, రాత్రికి పార్వతీపురం. రెండో రోజు పొద్దున్నే బయల్దేరి తోటపల్లి, పాలకొండ, గొట్టా మీదుగా పాతపట్నం, సాయంత్రం నౌపడా రైలు. రైలు టైములు ముందు రోజే చూసుకోండి, రోజుకి వెళ్ళేవి కొన్నే. నౌపడాలో దిగాక పలాస జీడిపప్పు కొనుక్కోవడం మర్చిపోకండి. ఆ తమ్ముడు దిగేటప్పుడు "మా ఎమ్మెల్యే ఓటు నూట యాబై తొమ్మిదా అన్నా?" అని ఇంకోసారి అడిగి, అంకె ఫోన్లో రాసుకుని మరీ వెళ్ళాడు.